తుంటిలో పింగాణీ

మీలో ఎవరికైనా తుంటి కీలు మార్చి ఉండి, ఆ మార్చిన కీలు ఒక రోజు ఉన్నట్టుండి చప్పుడు చేయడం మొదలుపెడితే, నేను చేసిన పని మాత్రం చేయకండి. ఏం చేశానో చెప్తాను. నవ్వుకుంటే నవ్వుకోండి. నవ్వించడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే. దానికి మందు లేదు గనుక దాన్ని వదిలేసి రెండో జబ్బు సంగతి రాస్తున్నాను.

నా పేరు సాంబయ్య. పుట్టింది జగ్గయ్యపేట, దుకాణం నందిగామలో. పొలాల మోటార్లు, పంపులు బాగు చేస్తాను. ఎనిమిదో తరగతి మాస్టారు నన్ను రెండేళ్ళు భరించి, మూడో ఏడు మా నాన్నని పిలిపించారు. "వీడికి చెయ్యి బాగా ఆడుతుందండీ, నోరు ఇంకా బాగా ఆడుతుంది, చదువొక్కటే ఆడటం లేదు" అన్నారు. మర్నాటి నుంచీ పానాలు పట్టుకున్నాను.

రెండేళ్ళ కిందట వేసవిలో గజ్జల్లో నొప్పి మొదలైంది. నడుం పట్టిందనుకున్నాను. నడుం నొప్పి నాకు పాత చుట్టమే. మోటార్లు ఎత్తీ దించీ వచ్చింది. దానికి ఏళ్ళ తరబడి చిన్న తెల్ల బిళ్ళలు మింగేవాణ్ని. ఎవరో ఇచ్చారు, పనిచేశాయి, తెప్పించుకుంటూ పోయాను. వేసుకున్న గంటకి లేడిపిల్లలా గెంతేవాణ్ని. ఈసారి బిళ్ళ వేసుకున్నా గెంతలేకపోయాను. ఇంకో బిళ్ళ వేసుకున్నాను. దీపావళి నాటికి చెప్పు తొడుక్కోవాలంటే కాలు వంగడం మానేసింది.

విజయవాడలో పెద్దాసుపత్రికి వెళ్ళాం. వెయిటింగ్ హాల్లో అందరి చేతుల్లో ఎక్స్‌రే కవర్లు. పెళ్ళికి శుభలేఖలు పంచడానికి వచ్చినట్టు కూర్చున్నాం. నా భార్య పద్మ చెవిలో ఆ మాటే అన్నాను. తను నవ్వలేదు. తను నవ్వకపోతే నాకు భయం వేస్తుంది.

తుంటి ఎముక పైన బంతిలా ఉండే భాగానికి రక్తం అందక అది చచ్చిపోయిందన్నారు డాక్టరు గారు. నేను తిన్న బిళ్ళల పట్టీ చూసి, "ఇవి స్టెరాయిడ్లు సాంబయ్య గారూ. ఏళ్ళ తరబడి తింటే కొంతమందికి ఇలా అవుతుంది. ఎవరు రాశారు?" అన్నారు. నేలకేసి చూశాను. మోటారుకి పెట్టే గ్రీజు ఏ రకమో నాలుగు షాపుల్లో అడిగి తెచ్చే మనిషిని, నా నోట్లో వేసుకునేదేమిటో ఒక్కసారి అడగలేదు. చదివేవాళ్ళు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగితే నాకు సంతోషం.

కీలు మార్చాలన్నారు. సొరుగులోంచి నమూనా తీసి నా చేతిలో పెట్టారు. లేత పసుపు కలిసిన తెలుపు, నున్నటి బంతి. అది కూర్చునే గిన్నె లోపలి వైపూ అదే సరుకు. పట్టుకోగానే నా వేలికి తెలిసిపోయింది.

"ఇది మా సీల్లో రింగు కదండీ!"

"ఏ సీలు?"

"పంపు సీలండీ. డబ్బా మీద కూడా రాసి ఉంటుంది, అల్యూమినా అని. బండి ప్లగ్గు మీద తెల్లగా ఉంటుంది చూడండి, అదీ ఇదేనండీ."

డాక్టరు గారు మొదటిసారి నవ్వారు. "అదే జాతి. ఇది ఒంట్లో పెట్టడానికి ఇంకా గట్టిగా, ఇంకా శుభ్రంగా చేస్తారు. ఇనుము కన్నా నున్నగా తిరుగుతుంది, అరుగుదల చాలా తక్కువ. మీకింకా వయసుంది గనుక ఇది మంచిది" అని, ఇంకేదో చెప్పబోయారు. నేను అప్పటికే నా సీళ్ళ పురాణం మొదలుపెట్టాను. ఆయన చెప్పబోయిందేమిటో వినలేదు. తెలిసిన వస్తువు చేతికి దొరికితే ఎవరి మాటా వినని అలవాటు నాది.

శ్రావణంలో ఆపరేషన్. నడుం కింద మొద్దుబారింది గానీ చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. రంపం, డ్రిల్లు, సుత్తి. అన్నీ నా పనిముట్లే. "గట్టిగా కొట్టకండయ్యా, పింగాణీ పగులుద్ది" అందామనుకున్నాను. నాలుక మత్తుగా ఉంది.

ఆరు నెలలు బాగా గడిచాయి. వాకర్ పోయి చేతికర్ర వచ్చింది, చేతికర్ర కూడా పోయింది. నేల మీద మఠం వేసుకుని కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు. నా పనంతా గొంతుక్కూర్చునేదే. స్టూలు వేసుకుని చేసే పనులే ఒప్పుకున్నాను.

మాఘంలో ఒక పొద్దున కుర్చీలోంచి లేస్తుంటే తుంటిలో కీచుమంది.

కుర్చీ అనుకున్నాను. ఇంకో కుర్చీలో కూర్చుని లేచాను. కీచు. మెట్టెక్కాను. కీచు. నొప్పి లేదు. చప్పుడే. నాకు చెమటలు పట్టాయి. ఎందుకో చెప్పాలంటే నా వృత్తి కాస్త చెప్పాలి.

పంపులో ఇరుసు చుట్టూ నీళ్ళు కారకుండా సీలు ఉంటుంది. అందులో ఒక నల్ల రింగు, ఒక తెల్ల పింగాణీ రింగు. రెండింటి మొహాలూ అద్దాల్లా ఉంటాయి, ఒకదాన్ని ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి. మధ్యలో నీటి పొర ఉన్నంతకాలం వాటికి చావు లేదు. నీళ్ళు లేకుండా మోటారు వేశారో, కీచుమంటుంది. కాలుతుంది. ఆ వేడి మీద చన్నీళ్ళు పడితే తెల్ల రింగు టప్పున పగులుతుంది. ఇరవై ఆరేళ్ళుగా రైతులకి నేను చెప్పే మంత్రం ఒకటే: కీచుమంటే ముందు ఆపండి, తర్వాత నాకు ఫోన్ చేయండి.

నేనూ ఆపేశాను. మంచం ఎక్కి పడుకున్నాను. ఫోన్ మాత్రం చేయలేదు.

చేస్తే రమ్మంటారు. వెళ్తే విప్పుతారు. ఒకసారి విప్పిన దాన్ని మళ్ళీ విప్పితే ఏమవుతుందో నాకు తెలిసినంత డాక్టర్లకి కూడా తెలీదనుకున్నాను. నట్టు ఒకసారి ఊడదీస్తే మొదటి పట్టు రాదు. పగిలిన పింగాణీ ముక్కలు మాంసంలో కలిస్తే ఏరగలరా? పగలు కళ్ళు మూసుకున్నా అవే కనిపించేవి.

"డాక్టరు గారికి ఫోన్ చేశారా?" అంది పద్మ.

"చేసా."

"ఏమన్నారు?"

"రెస్టు తీసుకోమన్నారు."

"ఎన్నాళ్ళు?"

"తగ్గేదాకా."

అంత తేలిగ్గా అబద్ధం వస్తుందని నాకూ తెలీదు. పద్మ ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. పొద్దున్నే నాకు అన్నీ మంచం దగ్గర అమర్చి వెళ్ళేది. మధ్యాహ్నం పరిగెత్తుకుంటూ వచ్చి అన్నం పెట్టి, మళ్ళీ పరిగెత్తేది. ఒక సాయంత్రం చెకప్ కాగితం తీసి, "ఈ నెల వెళ్ళాలి కదండీ?" అంటే, "ఫోన్లో మాట్లాడానుగా, అక్కర్లేదన్నారు" అన్నాను. మొదటి అబద్ధానికి తోడు కావాలి కదా, ఒంటరిగా ఉండలేదు.

కీలు ఎండిపోయిందేమోనని చెంబులకి చెంబులు నీళ్ళు తాగాను. ఆ నీళ్ళు తుంటికి పోలేదు. పోవలసిన చోటికే పోయాయి. మంచం దిగనని ఒట్టు పెట్టుకున్న మనిషికి అదొక శిక్ష. ఇంట్లో ఉన్నప్పుడల్లా పద్మే బెడ్‌పాన్ తెచ్చి పట్టేది, మొహం పక్కకి తిప్పుకునేది. నేను జోకు వేసేవాణ్ని. రెండు మూడు రోజులు నవ్వింది. తర్వాత, "మీరు మాట్లాడకుండా కానివ్వండి చాలు" అంది.

చన్నీళ్ళు తుంటి మీద పడకూడదన్నాను. మా మెట్ట ఊళ్ళల్లో ఫాల్గుణం వచ్చేసరికి గోడలు కాలుతుంటాయి. ఆ ఎండల్లో కాగునిండా నీళ్ళు మరిగించి, గుడ్డ ముంచి ఒళ్ళు తుడిచేది.

"మీరేమన్నా బాలింతా?" అంది ఒకరోజు, చెంగుతో తన మొహం తుడుచుకుంటూ.

"బిడ్డ తుంటిలో ఉందే" అన్నాను.

గుడ్డ గిన్నెలో పడేసి బయటికి వెళ్ళిపోయింది. చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగ అంది. మాది గ్యాసు పొయ్యి.

ఆదివారాలు వత్సవాయి నుంచి తన తమ్ముడు రాంబాబు వచ్చేవాడు. అక్కడ వాడికి పత్తి చేను. వాడి చేత ఒక పని చేయించాను. మోటారు బేరింగు బాగుందో లేదో చూడాలంటే మేం పొడుగాటి స్క్రూడ్రైవరు మొన మోటారు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటాం. లోపలి గుట్టంతా చెవిలో పడుతుంది. పడుకుని నా తుంటి మీద నేనే ఆనించుకుంటే చెవి అందలేదు.

"ఒరేయ్ రాంబాబూ, ఇలా రా. పిడి చెవికి పెట్టుకో. నేను కాలు మెల్లగా ఆడిస్తా. ఎట్టా వినపడుతుందో చెప్పు."

వాడు కళ్ళు మూసుకుని భక్తిగా విన్నాడు.

"వినపడుతుందా?"

"వినపడుతుంది బావా."

"ఎట్టా? గరగరా? కీచా?"

"గుడగుడమంటుంది. పొద్దున పెసరట్టు తిన్నావా?"

వాడు పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. గుమ్మంలో నిలబడ్డ పద్మ మాత్రం మా ఇద్దర్నీ చూసి, "డాక్టరు చూడాల్సింది స్క్రూడ్రైవరు చూస్తుంది" అని లోపలికి పోయింది. ఆ రోజే నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

నలభై రోజులయ్యాయి. కీచుమనడం ఆగింది. ఆగదా మరి, మోటారే తిరగడం లేదు! నేను మాత్రం వైద్యం పనిచేసిందనుకున్నాను. దుప్పటి కింద కాలు సన్నబడుతున్నది చూడలేదు. చూశాను, కానీ చూడలేదు.

ఒక మధ్యాహ్నం పద్మ అన్నం పెట్టి, తలుపు దగ్గరగా వేసి కాలేజీకి వెళ్ళింది. కాసేపటికి వీధిలోంచి కేక వినపడింది. "సాంబయ్యా! ఉన్నావా?"

గొంతు గుర్తుపట్టాను. మిర్చి వేసిన పెద్దాయన, నా పాత ఖాతాదారు. ఆయన పంపు చెయ్యి మారితే పనిచేయదు. నేనున్నానని చెప్పాలనిపించింది. నిలబడి, కిటికీలోంచి కనపడి, ఎప్పటిలా ఒక మాట విసరాలనిపించింది. మంచం మీంచి రెండు కాళ్ళూ దించి లేచాను. మార్చిన కాలు నాది కానట్టు మడతపడిపోయింది. మంచానికీ బీరువాకీ మధ్య, ఆ తుంటి మీదే పడ్డాను.

పడినప్పుడు చప్పుడైంది. బీరువా తలుపుదా, ఎముకదా, పింగాణీదా, నాకు తెలీదు. చెవి పెట్టి మోటారు జబ్బు చెప్పే మనిషికి తన ఒంటి చప్పుడు తెలియలేదు.

"సాంబయ్యా!" అని ఇంకోసారి వినపడింది.

తలుపుకి గడియ లేదు. ఒక్క కేక వేస్తే ఆయన లోపలికి వచ్చి లేపేవాడు. నా నోరు తెలుసుగా, ఊరంతా తెలుసు. అది పెగల్లేదు. లుంగీ చెదిరి, బీరువా కింద దుమ్ములో మొహం పెట్టుకుని ఉన్న నన్ను చూస్తాడని. అంతే. "లేరనుకుంటా" అని ఎవరితోనో అంటూ వెళ్ళిపోయాడు. అడుగుల చప్పుడు దూరమయ్యాక కేక వేశాను. అప్పుడెవరూ లేరు.

పద్మ వచ్చేదాకా అలాగే ఉన్నాను. కాలు కదపలేదు. ముక్కలు కదులుతాయని.

తను తలుపు తీసి, మంచం చూసి, తర్వాత నన్ను చూసింది. సంచి అక్కడే వదిలేసి నేల మీద కూర్చుని నా తల ఒళ్ళోకి తీసుకుంది.

"ఎక్కడ నొప్పి?"

"డాక్టరు రెస్టు అనలేదు పద్మా."

"ఏంటి?"

"అసలు ఫోనే చెయ్యలా. విప్పుతారని భయమేసింది."

తను అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. నా తల మీద ఉన్న చెయ్యి మాత్రం ఆగిపోయింది.

"కాలేజీలో రోజూ అడుగుతున్నారండీ, ఇన్ని పర్మిషన్లేంటని. డాక్టరు గారు చెప్పారని అందరికీ చెప్పా. మా అమ్మకి చెప్పా. రాంబాబుకి చెప్పా." నా లుంగీ సర్ది, "నాకొక్కదానికి చెప్తే ఏం పోయేది?" అంది.

జోకు వేయబోయాను, రాలేదు.

రాంబాబు కారు మాట్లాడుకుని వచ్చాడు. ఇద్దరూ మోసి వెనక సీట్లో పడుకోబెట్టారు. హైవే మీద కారు నున్నగానే పోతుంది గానీ, కీసర టోల్‌గేటు దగ్గర వేగం తగ్గించినప్పుడు వచ్చిన చిన్న కుదుపుకి కూడా నేను పళ్ళు బిగబట్టాను. రాంబాబు ముందు సీట్లోంచి మాటిమాటికీ వెనక్కి తిరిగేవాడు. "బావా, ఏదన్నా మాట్లాడు" అన్నాడు ఒకసారి. నేను మాట్లాడకపోవడం వాడికి కొత్త. పద్మ నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

ఎక్స్‌రే తీసి, ఫిల్ము వచ్చేదాకా హాల్లో స్ట్రెచర్ మీద ఉంచారు. పక్క బెంచీ మీద ఒక మామ్మ, మోకాళ్ళకి వచ్చిందట. నా తల కింద ఏమీ లేదని చూసి, తన భుజం మీది శాలువా మడతలు పెట్టి నా తల కింద దోపింది.

"మీకు చలేస్తుందేమో మామ్మగారూ, ఏసీ."

"నాకేస్తే లేచి నడుస్తా నాయనా. నువ్వు పడుకో."

తర్వాత పద్మ వైపు తిరిగి, "పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా అమ్మా?" అంది. నేను అడగాల్సిన మాట. నలభై రోజుల్లో నేను ఒక్కసారి కూడా అడగలేదు. మామ్మ ఇచ్చిన అరటిపండు పద్మ తినలేదు, చేతిలో పట్టుకుని కూర్చుంది. లోపలికి పిలిచారు.

డాక్టరు గారు ఫిల్ము వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు. నేను ఆయన వీపునే చూస్తున్నాను. ఆయన భుజాలు ఎటు కదిలితే అటు నా ప్రాణం పోతోంది.

"పగల్లేదు. కీలు ఎక్కడ పెట్టామో అక్కడే ఉంది" అన్నారు.

పద్మ కుర్చీలో కూర్చుండిపోయింది.

ఆయన దుప్పటి తీసి నా తొడ చూసి, రెండో తొడ చూశారు. మొహం మారింది. "ఇదేంటి? కండంతా ఏమైంది?"

చెప్పాను. సీలు, నీళ్ళు, చన్నీళ్ళు, స్క్రూడ్రైవరు. స్క్రూడ్రైవరు దగ్గర ఆయన నోరు చేత్తో కప్పుకున్నారు. తర్వాత కోపం వచ్చింది.

"సాంబయ్య గారూ, మీ పంపుకి నీళ్ళు బయటి నుంచి పోయాలి. కీలు చుట్టూ ఒక పొర ఉంటుంది, దాని నీరు అదే ఊరించుకుంటుంది. కదిలితేనే ఆ నీరు కీలంతా పారుతుంది. ఆపరేషన్‌కి ముందే చెప్పబోయాను. మీరు కదలడమే మానేశారు. కండ కరిగిపోయింది, అందుకే పడ్డారు. ఇన్నాళ్ళు మంచంలో ఉంటే కాల్లో రక్తం గడ్డ కట్టేది. కట్టలేదు, మీ అదృష్టం."

"మరి ఆ కీచు ఏంటండీ?"

"ఈ రకం కీళ్ళు కొందరికి మోగుతాయి. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు."

"పోతుందా?"

"పోవచ్చు. ఉండొచ్చు."

"పగిలేదానికి గుర్తు కాదు కదండీ?"

"చాలామందికి కాదు. మీక్కూడా కాదనే అనుకుంటున్నా. కొత్తగా నొప్పి వచ్చినా, చప్పుడు మారినా వెంటనే రావాలి. మూడు నెలలకోసారి చూస్తా."

"ఒకసారి విప్పి చూసేస్తే..." అన్నాను. విప్పుతారని నలభై రోజులు దాక్కున్న మనిషి నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో! తెలియక ఉండటం కన్నా విప్పడమే నయమనిపించింది ఆ క్షణాన.

"చూడ్డానికని మనిషిని విప్పం."

"అయితే గ్యారంటీ?"

"నడిస్తే ఏమవుతుందో గ్యారంటీ ఇవ్వలేను. నడవకపోతే ఏమవుతుందో ఇవ్వగలను" అన్నారు ఆయన.

ఆ తర్వాత నెలలన్నీ గోడ పట్టుకునే గడిచాయి. పడుకుని కాలు జానెడు ఎత్తడానికి వారం పట్టింది. వ్యాయామం చేయించడానికి వచ్చిన అమ్మాయి "ఇంకోసారి అంకుల్" అన్నప్పుడల్లా ఏడుపు వచ్చేది. పద్మ నాతో అవసరమైన మాటలే మాట్లాడేది. ఒకరోజు ఆఫీసు నుంచి రాగానే, "పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా?" అని అడిగాను. ఆశ్చర్యంగా చూసి, "తిన్నా" అంది. తర్వాత పక్కన కూర్చుంది.

ఇప్పుడు తొలకరి పడింది. చేతికర్రతో వీధి మలుపు దాకా వెళ్ళి వస్తున్నాను. కీచు మళ్ళీ వచ్చింది. రోజూ కాదు, ఎప్పుడొస్తుందో చెప్పలేను. రాంబాబు చేత స్క్రూడ్రైవరు దాచేయించింది పద్మ. లోపల ఏం జరుగుతుందో నాకు తెలీదు, ఇక తెలిసే దారీ లేదు. విప్పలేని యంత్రం ఒకటి మోసుకుని తిరుగుతున్నాను. చప్పుడు వచ్చిన ప్రతిసారీ గుండె ఆగుతుంది. మీకూ ఆగుతుంది. ధైర్యం చెప్పేంత ధైర్యం నా దగ్గర లేదు. ముందు డాక్టరుకి చెప్పండి, ఇంట్లోవాళ్ళకి చెప్పండి, అంతవరకే చెప్పగలను.

నిన్న సాయంత్రం మలుపు దగ్గర తిరుగుతుంటే గట్టిగానే మోగింది. కాలు అక్కడే బిగుసుకుపోయింది. రెండడుగుల ముందున్న పద్మ వెనక్కి తిరిగింది.

"ఆగారేం?"

"మోగింది."

తను నా తుంటి వైపు చూడలేదు. నా మొహం చూసింది.

"మోగితే మోగనీండి. పప్పు పొయ్యి మీదుంది, నడవండి."

నడిచాను.